గిటార్‌తో పాట రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ, ప్రభువు నామంలో వందనాలు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన పాట విన్నాను. మాటలు బాగున్నాయి. కానీ అది నువ్వొక్కడివే పాడుకునే పాటలా ఉంది. ఆదివారం మీ బోయిన్‌పల్లి సంఘంలో ముందు చాపల మీద కూర్చునే పెద్దమ్మల దగ్గర్నుంచి వెనక నిలబడే కుర్రాళ్ల దాకా అందరూ అందుకోవాలంటే కొంత మార్చక తప్పదు.

ముందు శ్రుతి. సి శ్రుతిలో మొదలుపెట్టి చరణంలో పై జి స్వరం దాకా వెళ్లావు. అక్కడ సంఘంలో సగంమంది నోరు మూసుకుంటారు. పాటను ఏ కి దించు. రెండో ఫ్రెట్‌లో కాపో (తీగలన్నిటినీ నొక్కి పట్టే క్లిప్) పెట్టి జి షేపులు (జి శ్రుతికి వేసే వేళ్ల పట్లు) వాయిస్తే ఏ శ్రుతి వస్తుంది, ఆ పై స్వరం ఇ దగ్గర ఆగుతుంది. అదీ ఎక్కువైతే కాపో తీసెయ్, పై స్వరం డి కి దిగుతుంది. కీబోర్డ్ అబ్బాయికి మాత్రం ముందే చెప్పు.

అసలు గొడవ అక్షరాలది. 'కరుణ'లో మూడూ లఘువులే. స్ట్రమ్మింగ్ (తీగలన్నీ కలిపి మీటడం) నిండాలని నువ్వు దాన్ని 'కరూణా' చేశావు. అదే 'దేవా'లో బరువైన దెబ్బ 'దే' మీద పడింది, అందుకే ఆ లైను ఒక్కసారికే నోటికి వచ్చేసింది. కొన్నాళ్లు గిటార్ పక్కన పెట్టి చప్పట్లు కొడుతూ రాయి. మాట నడక కుదిరాకే తీగ ముట్టుకో. పల్లవి చివర ఊపిరి తీసుకునే జాగా కూడా వదలాలి. ఆ ఖాళీ కనిపించగానే లీడ్ (విడి స్వరాల వరుస) వాయించాలని చేయి దురద పెడుతుంది, ఓర్చుకో.

పాత కీర్తనలకు ఇంకా జాగ్రత్త కావాలి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి, మన గిటారిస్టులు చాలామంది అటు చూడరు. పురుషోత్తమ చౌదరి (1803–1890) లాంటివాళ్లు రాగతాళాలు తెలిసి రాసిన పాటలవి. మిశ్రచాపు తాళం అంటే మూడు, నాలుగు కలిపి ఏడు బీట్లు. దానికి నాలుగు బీట్ల స్ట్రమ్ వేస్తే రెండో వరుసకే డోలక్ వాయించేవాడు నీ మొహం చూస్తాడు. ఆనందభైరవి రాగానికి కార్డ్‌ల మీద కార్డ్‌లు మార్చకు. స, ప రెండే తంబురాలా మోగుతూ ఉండనీ, మేజరా మైనరా అన్న తగువే రాదు.

ప్రార్థన జరుగుతుంటే వెనక తీగలు మీటడం ఇప్పుడు ఫ్యాషన్. నాకు నచ్చదు. పాస్టర్‌గారు అడిగితే కానివ్వు.

ఎండలోంచి ఏసీ హాల్లోకి వచ్చాక ట్యూనింగ్ మళ్లీ చూసుకో.

పాట సవరించాక గిటార్ లేకుండా, మీ అమ్మగారి చేత పాడించి పంపు. ఆవిడ ఎక్కడ తడబడితే అక్కడ మళ్లీ రాద్దాం.

నీ అన్న