పడవలో ఫ్రిజ్ ఆగకుండా నడుస్తోందా?

ప్రశ్న: మా పడవలో సీటు కింద అమర్చిన 12 ఓల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ ఎండాకాలంలో ఆగకుండా నడుస్తోంది. అయినా లోపల 10 డిగ్రీల కంటే దిగడం లేదు. తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ. గ్యాస్ నింపించాలా?

జవాబు: తొందరపడకండి. ముందు ఎవాపరేటర్ ప్లేటు, అంటే ఫ్రిజ్ లోపల చల్లబడే ప్లేటు, చూడండి. ప్లేటంతా సమానంగా మంచు పట్టి ఉంటే గ్యాస్ ఉన్నట్టే. సన్న గొట్టం కలిసేచోట మాత్రమే పట్టి మిగతాది బోడిగా ఉంటే అప్పుడు మెకానిక్‌ని పిలవండి. ఉన్నదాని మీద ఇంకా ఎక్కిస్తే మంచు తిరుగు గొట్టం (గ్యాస్ కంప్రెసర్‌కి వెనక్కి వెళ్లే గొట్టం) మీదకి పాకుతుంది, కరెంటు ఖర్చు పెరుగుతుంది, చల్లదనం మాత్రం పెరగదు.

మీరు చెప్పినదాన్ని బట్టి మా అనుమానం కండెన్సర్ మీదే, అంటే వేడిని బయటకు వదిలే భాగం మీదే. లోపలి వేడిని తోడి బయట పారబోయడమే ఫ్రిజ్ పని. ఆ పారబోసే చోటు మూసిన పెట్టె అయితే వేడిగాలి అక్కడక్కడే తిరుగుతుంది. కంప్రెసర్ పక్కన ఒక థర్మామీటర్, కేబిన్‌లో ఒకటి పెట్టి, గంట నడిచాక చూడండి. తేడా ఐదారు డిగ్రీలు దాటితే గాలి ఆడనట్టే. సీటు పెట్టెకి అడుగున ఒక జాలీ, ఎదురువైపు పైభాగాన ఒకటి పెట్టండి. ఒక్కోటి 200 చదరపు సెంటీమీటర్లుంటే మంచిది. కింది జాలీ ఇంజను గది గాలిని పీల్చకూడదు. తర్వాత కండెన్సర్ రేకుల్లోని దుమ్ము మెత్తటి బ్రష్షుతో దులపండి. దాని చుట్టూ సందులుంటే అట్టముక్కలు కత్తిరించి మూయండి, లేకపోతే ఫ్యాన్ ఊదిన వేడిగాలే వెనక్కి తిరిగొస్తుంది. పావుగంట పని, అయినా చాలామంది చేయరు.

ఆ తర్వాతే ఫ్రిజ్ గోడల్లో వేడిని ఆపే ఫోమ్ సంగతి. ఫ్రిజ్ పెట్టె గోడల వైశాల్యం రెండున్నర చదరపు మీటర్లు, లోపలికీ బయటికీ తేడా 25 డిగ్రీలు అనుకోండి. 5 సెంటీమీటర్ల పాలీయురెథేన్ ఫోమ్ గుండా సుమారు 31 వాట్ల వేడి లోపలికి దూరుతుంది. మందం 10 అయితే అది సగమవుతుంది. తడిసిన ఫోమ్ ఉన్నా లేనట్టే, దాన్ని తీసేయాల్సిందే.

వేడి సరుకు పెట్టడమూ తక్కువేం కాదు. 30 డిగ్రీల నీళ్లు ఆరు లీటర్లు 5 డిగ్రీలకు దిగాలంటే, ఆ గోడల గుండా ఐదున్నర గంటల్లో వచ్చేంత వేడిని అదనంగా తోడాలి. సీసాలు ఒడ్డునే చల్లబరిచి తెచ్చుకోండి.

ప్రశ్న: బ్యాటరీ నిండుగా ఉన్నా కంప్రెసర్ మొదలై వెంటనే ఆగిపోతోంది. ఎందుకు?

జవాబు: వైరు సన్నదై ఉంటుంది, లేదా లగ్గుల్లో (వైరు చివర బిగించే లోహపు ముక్కల్లో) చిలుము పట్టి ఉంటుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు 8 మీటర్లు లాగితే, రానూపోనూ కలిపి 5 ఆంపుల దగ్గర అర ఓల్టుకు పైగా పోతుంది. స్టార్టింగ్‌లో ఇంకా ఎక్కువ. మల్టీమీటర్‌ని బ్యాటరీ దగ్గర కాదు, కంప్రెసర్ కంట్రోల్ పెట్టె టెర్మినళ్ల మీద, అదీ మొదలయ్యే క్షణంలో పెట్టి చూడండి. 12 ఓల్టుల యూనిట్లు చాలావరకు 10.4 ఓల్టుల దగ్గర తమంతట తామే ఆగిపోతాయి. 8 మీటర్లకు 10 చదరపు మిల్లీమీటర్ల వైరు వేయండి.

ప్రశ్న: ఫ్రిజ్ పెట్టె అడుగున నీళ్లుపోయే బెజ్జం మూసేయవచ్చా?

జవాబు: మూయకపోతే చల్లగాలి బరువుకి అందులోంచే జారిపోతుంది. బిరడా పెట్టండి, లేదా గొట్టాన్ని యు ఆకారంలో వంచి నీళ్లు నిలిచేలా చేయండి. ప్లేటు మీద మంచు అర సెంటీమీటరు దాటగానే కరిగించండి. కత్తితో మాత్రం గీకొద్దు, ప్లేటుకి చిల్లు పడితే గ్యాసంతా పోతుంది.