పాత నోటును కడగకు

చిట్టీ,

మొదటి జీతంలో సగం పాత నోట్లకే తగలేశావని మీ అమ్మ ఫోన్‌లో గొల్లుమంది. నాకు మాత్రం ముచ్చటేసింది. అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తడి చేతులతో ముట్టుకోకు. టేపు అంటించకు. పీవీసీ కవర్లలో పెట్టకు. ఇవన్నీ నీకు తెలిసే ఉంటాయి.

నా టెన్షన్ వేరే. శుభ్రం చేద్దామన్న బుద్ధి నీకూ పుడుతుంది. నాకు పంతొమ్మిదో ఏట పుట్టింది. మా నాయనమ్మ ట్రంకుపెట్టెలో ఐదో జార్జి రూపాయి నోటు దొరికింది, నాలుగు మడతల్లో. మొదటి ప్రపంచ యుద్ధంలో వెండికి కరువొచ్చి 1917లో తెచ్చిన రకం. నాణేనికి బదులుగా వచ్చింది కాబట్టి దానిమీద వెండి రూపాయి బొమ్మే వేశారు. వాటిని పాతికేసి నోట్ల పుస్తకాలుగా ఇచ్చేవారు, చెక్కుబుక్కులా చింపుకోవాలి. అందుకే ఒక అంచు గరుకుగా ఉంటుంది. ఆ సంగతి తెలియక కత్తెరతో సాపు చేశాను. అక్కడితో ఆగానా! సబ్బునీళ్లలో ముంచాను. నీళ్లు ఊదారంగుకు తిరిగాయి. మురికి వదులుతోందని సంబరపడి, ఆరబెట్టి ఇస్త్రీ కూడా చేశాను.

నాయనమ్మకు చూపిస్తే వెనక్కి తిప్పి చాలాసేపు చూసింది. "ఇక్కడ మీ తాత రాసింది ఏదిరా?" అంది. తాత తన మొదటి జీతంలోంచి ఇచ్చిన రూపాయట అది. ఊదా పెన్సిల్‌తో తేదీ వేసి ఇచ్చాడట. తిట్టలేదు. మళ్లీ ఆ పాత మడతల్లోనే మడిచి పెట్టెలో పెట్టుకుంది. తిట్టినా బాగుండేది.

కాబట్టి, తెలివితక్కువదానా, మరక కనబడగానే రబ్బరు తీయకు. పిన్ను చిల్లులుంటే అవి నోట్ల కట్టకు పిన్ను కొట్టిన గుర్తు. పందొమ్మిదో శతాబ్దపు పెద్ద నోటు ఎప్పుడైనా నడిమికి కోసి అతికించినట్టు కనిపిస్తే చీదరించుకోకు. దొంగల భయంతో నోటును రెండు ముక్కలు చేసి, ఒక ముక్క చేరిందని కబురొచ్చాకే రెండోది టపాలో పంపేవారు. రెండు ముక్కల మీదా నంబరు ఒకటేనా అని మాత్రం చూసుకో. మరీ తళతళలాడే పాత నోటును ఏటవాలుగా వెలుగులో పెట్టి చూడు. అచ్చు చదునుగా, కాగితం మెత్తగా ఉంటే నాలాంటి మహానుభావుడి చేతిలో పడిందన్నమాట.

డబ్బు చాలకపోతే నన్నడుగు, మీ అమ్మకు చెప్పను. వచ్చే నెల వస్తున్నాను. ఆ రూపాయి నా దగ్గరే ఉంది, తెచ్చి నీకిస్తాను. మడత విప్పేటప్పుడు జాగ్రత్త, మధ్యలో చీలుతోంది.

మీ మామయ్య