మార్ఫిన్ వాడేవాళ్లకు పగలు కునుకు, రాత్రి మెలకువ ఎందుకు?
బరంపురంలో ఉన్న మీ నాన్నగారు క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ వేసుకుంటున్నారు, పగలంతా కునికిపాట్లు, రాత్రంతా మెలకువ, ఎందుకని అడిగారు.

మెదడులోని హైపోథాలమస్‌లో సుమారు 20,000 నాడీకణాల చిన్న గుంపు ఉంది. వెలుతురును బట్టి నిద్రకు వేళలు పెట్టేది అదే. మార్ఫిన్ మత్తు నిద్రలాగే కనిపిస్తుంది గానీ గాఢనిద్రనూ, కలలొచ్చే నిద్రనూ తగ్గిస్తుంది. నిద్ర చాలకపోతే నొప్పి ఇంకా ఎక్కువ తెలుస్తుంది, మరో మాత్ర వేయాలనిపిస్తుంది. డాక్టరుగారిని అడగకుండా మోతాదు పెంచకండి, ఉన్నట్టుండి ఆపకండి.

పగలైందని మెదడులోని ఆ గుంపుకు వెలుతురు తెలిసేలా, ఎండ ముదరకముందే, పొద్దున ఏడింటిలోపు, కాసేపు వరండాలో కూర్చోబెట్టండి. నిద్రమాత్ర మాత్రం సొంతంగా ఇవ్వొద్దు. మార్ఫిన్, నిద్రమాత్ర రెండూ కలిస్తే ఊపిరి మందగించి ప్రాణానికే ముప్పు. రాత్రి ఊపిరి ఆగి ఆగి వస్తున్నా, లేపినా లేవకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి.