ఆ వంకర మణికట్టే మీ కేసు

ప్రశ్న: నేను 1991లో పుట్టాను. నాన్న చనిపోయాక, హన్మకొండ శివారులో ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే హోంలో 1999 నుంచి 2007 వరకు పెరిగాను. వార్డెన్ పెట్టిన బాధలు ఇప్పటికీ కలలో వస్తాయి. 2003లో అతడు కర్రతో కొట్టగా ఎడమ మణికట్టు విరిగింది. 2018లో సంస్థ కార్యదర్శికి వినతిపత్రం ఇస్తే, పాత కమిటీ వాళ్లు చేసినదానికి తమకు సంబంధం లేదన్నారు. స్కాట్లాండులో ఇలాంటివారికి సంస్థలు పరిహారం ఇస్తున్నాయని చదివాను. పది లక్షలు ఇవ్వకపోతే అంతా ఫేస్‌బుక్‌లో పెడతామని సంస్థకు వాట్సాప్ చేద్దామని మా బావ అంటున్నాడు. సంస్థ మీద నష్టపరిహారం దావా వేయవచ్చా?
- ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీ ఉత్తరం తొమ్మిది పేజీలు. ఆకలి గురించి, అవమానాల గురించి, పండుగ రోజు గేటు దగ్గర అమ్మ కోసం ఎదురుచూడటం గురించి ఎనిమిది పేజీలు రాసి, మీ కేసు నిలుస్తుందో లేదో తేల్చే సంగతికి మాత్రం ఒక్క వాక్యం కేటాయించారు: మణికట్టు విరిగింది, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో కట్టు కట్టారు. నాకు కావలసింది ఆ వాక్యమే.

ముందు మీరడిగిన దావా సంగతి చెబుతాను. వార్డెన్‌ను నియమించింది, పిల్లలను అతడి అదుపులో ఉంచింది సంస్థే కనుక, ఆ ఉద్యోగం చేస్తూ అతడు కలిగించిన హానికి సంస్థ యజమానిగా జవాబు చెప్పవలసిందే. కమిటీ మారిందన్న సాకు చెల్లదు. రిజిస్టరైన సంఘానికి సభ్యులతో నిమిత్తం లేని ఉనికి ఉంటుంది. నిజాం కాలపు 1350 ఫసలీ సొసైటీల చట్టం కింద నమోదైన పాత సంఘాలు కూడా తర్వాత 2001 నాటి సొసైటీల చట్టం కిందికి వచ్చాయి. అయితే దావా మాత్రం వేయలేరు. 1963 నాటి కాలపరిమితి చట్టం మైనరుకు ఇచ్చే వెసులుబాటు, సెక్షన్లు 6, 8 ప్రకారం, మేజరైన నాటి నుంచి మూడేళ్లకు మించదు. మీకు 2009లో పద్దెనిమిది నిండాయి, 2012తో గడువు తీరింది. ఆలస్యాన్ని మన్నించమని కోరడానికి వీలిచ్చే సెక్షన్ 5 దావాలకు వర్తించదు. ప్రతివాది నోరు విప్పకపోయినా కోర్టు తానుగా దావాను కొట్టివేయవలసి ఉంటుంది. కాబట్టి కోర్టు ఫీజు దండగ చేసుకోకండి.

స్కాట్లాండు మాట నిజమే. అక్కడ 2021లో ప్రత్యేకంగా ఒక చట్టం చేసి, 2004 డిసెంబరు 1కి ముందు సంరక్షణలో హింసకు గురైన పిల్లలకు పరిహారం ఇస్తున్నారు. హోంలు నడిపిన సంస్థలు ఆ నిధికి వాటా చెల్లిస్తాయి, పరిహారం పుచ్చుకున్నవారు ఆ సంస్థలపై దావా హక్కు వదులుకుంటారు. మన దేశంలో అటువంటి చట్టం లేదు. లేని చట్టం మీద ఆశ పెట్టుకుని మరో ఏడాది పోగొట్టుకోవద్దు.

ఇక మణికట్టు. మామూలు దెబ్బలకు శిక్ష ఏడాదే కనుక ఫిర్యాదు గడువూ ఏడాదే; పిల్లలపై క్రూరత్వానికి 2000 నాటి బాలల న్యాయచట్టం విధించిన శిక్ష ఆరు నెలలే కనుక దానికీ అంతే. ఆ రెండూ ఎప్పుడో పోయాయి. కానీ ఎముక విరిగితే చట్టం దృష్టిలో అది తీవ్రగాయం. భారత శిక్షాస్మృతి సెక్షన్ 325 కింద దానికి ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. మూడేళ్లకు మించిన శిక్ష గల నేరాలకు ఫిర్యాదు గడువు లేదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 468లోనూ, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 514లోనూ ఇదే నియమం. శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత 2024 జులై 1న అమల్లోకి వచ్చింది; నేరం అంతకు ముందుది కాబట్టి పాత శిక్షాస్మృతే వర్తిస్తుంది. వార్డెన్ జమ్మికుంటలో బతికే ఉన్నాడని రాశారు. అతడు లేకపోతే ఈ దారీ ఉండేది కాదు.

సాక్ష్యం విషయంలో మిమ్మల్ని మందలించక తప్పదు. 2018 నాటి వినతిపత్రానికి నకలు ఉంచుకోలేదు, ముట్టినట్లు సంతకం తీసుకోలేదు. ఎంజీఎం ఓపీ చీటీని లామినేషన్ చేయించారు, పైగా అసలు చీటీనే మామూలు కవరులో నాకు పోస్టు చేశారు! సంవత్సరంలో చివరి అంకె వెలిసిపోయింది, ఇప్పుడు ప్లాస్టిక్ కింద దాన్ని పరీక్షించడం మరింత కష్టం. దాన్ని పెన్నుతో దిద్దితే మీరే ఫోర్జరీ ముద్దాయి అవుతారు. అంతకన్నా ముఖ్యమైనది మీరు గమనించనే లేదు: దెబ్బకు కారణంగా డాక్టరు రాసింది 'చెట్టు మీది నుంచి పడ్డాడు' అని. డిఫెన్సు వకీలు మొదట పట్టుకునేది ఈ ముక్కనే. మిమ్మల్ని ఆసుపత్రికి తీసుకువెళ్లింది వార్డెనే అయితే, ఆ మాట చెప్పింది అతడేనని ఫిర్యాదులోనే రాయాలి. ఆ రోజు కళ్లారా చూసిన ఇద్దరు హోం మిత్రుల పేర్లు, ఇప్పుడు తీయించిన ఎక్స్‌రే, ఆ నెలలో బడి హాజరుపట్టీ, పదో తరగతి మెమో జతపరచాలి. ఎక్స్‌రే ఎముక విరిగిన పాత గుర్తును చూపుతుందే గాని, అది ఏ ఏడాదిదో చెప్పలేదు. అందుకే ఆ హాజరుపట్టీకి అంత విలువ.

మీ బావ సలహా మాత్రం వినవద్దు. పరువు తీస్తామని బెదిరించి డబ్బు అడగడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 308 పరిధిలోని నేరం. ఆ ఒక్క మెసేజ్ చాలు, మీ ఫిర్యాదంతా డబ్బు కోసం అల్లిన కథ అని వాళ్లు చెప్పుకోవడానికి. సంస్థ వాళ్లే పిలిచి, ఎంతో కొంత చేతిలో పెట్టి స్టాంపు కాగితం మీద సంతకం అడిగినా చేయకండి.

చేయవలసింది ఇది. హోం ఉన్న ప్రాంతపు పోలీస్ స్టేషన్‌లో లిఖితపూర్వక ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. కరీంనగర్‌లో ఇచ్చినా జీరో ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేసి అక్కడికి పంపాలి. ఇన్నేళ్లు ఎందుకు ఆగారో దాచకుండా రాయండి. జిల్లా రిజిస్ట్రార్ కార్యాలయంలో సంఘం రిజిస్ట్రేషన్ నంబరు, 2003 నాటి కార్యవర్గ జాబితా ధ్రువీకృత నకళ్లు తీసుకోండి. నంబరు మారకపోతే సంస్థ మారనట్లే. వార్డెన్ కొడతాడని తెలిసీ కొనసాగించినట్లు కమిటీ తీర్మానాల్లో దొరికితే, నేరానికి తోడ్పడ్డారన్న ఆరోపణకు ఆస్కారం ఉంటుంది. ఊరికే పదవిలో ఉన్నందుకు క్రిమినల్ బాధ్యత రాదు.

డబ్బు విషయం. సెక్షన్ 325 కోర్టు అనుమతితో రాజీకి వీలున్న నేరం. కాలదోషం పట్టింది దావాకే. సంస్థ తానుగా చెల్లిస్తానంటే అడ్డుకునే చట్టం లేదు. కేసు నమోదయ్యాక జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టి, సంస్థను లోక్ అదాలత్‌కు పిలిపించండి. అక్కడ కుదిరిన ఒప్పందం సివిల్ డిక్రీతో సమానం, దానిపై అప్పీలు లేదు, మీకు కోర్టు ఫీజూ లేదు. అయితే రమ్మని ఒప్పించగలరే గాని బలవంతం చేయలేరు. పోలీసు కేసు ముందుండాలని నేననేది అందుకే.

మీ చీటీని స్పీడ్ పోస్టులో తిరిగి పంపుతున్నాను. లామినేషన్ మీరే చింపే ప్రయత్నం చేయకుండా, దర్యాప్తు అధికారికి ఉన్నదున్నట్లుగా అప్పగించి, తీసుకున్నట్లు కాగితం రాయించుకోండి.