కణంలోని చక్కెరకు రంగు ఎలా పడుతుంది?

ప్రశ్న: మా అమ్మాయి బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేస్తోంది. ప్రొటీన్లకు అంటుకున్న చక్కెరను రంగు వేసి చూస్తారట. నేను మూడు నెలలకోసారి చేయించుకునే హెచ్‌బీఏ1సీ పరీక్షలో చూసేదీ అదేనా? బతికున్న కణంలో చక్కెరకు రంగు ఎలా పడుతుందండీ?
– ఒక పాఠకురాలు

జవాబు: అదీ ఇదీ ఒకటి కాదండీ. మీ పరీక్షలో కొలిచేది హిమోగ్లోబిన్‌కు ఏ ఎంజైమూ లేకుండా దానంతటదే అంటుకున్న గ్లూకోజ్‌ని. మీ అమ్మాయి చూసేది కణమే ఎంజైములతో, చోటు చూసి మరీ అతికించుకునే చక్కెరల్ని.

వీటిని పట్టుకోవడం కష్టం. ప్రొటీన్‌నైతే దాని జన్యువుకు మెరిసే ప్రొటీన్ జన్యువును జోడించి చూస్తారు, చక్కెరకు విడిగా జన్యువు ఉండదు కదా. అందుకని చక్కెరకే చిన్న తోక తగిలించి కణానికి తినిపిస్తారు. ఆ తోక పేరు అజైడ్, మూడంటే మూడు నైట్రోజన్ పరమాణువులు. ఉదాహరణకు అజైడ్ తగిలించిన మానోసమీన్ అనే చక్కెరని వేస్తే, కణం అది తన చక్కెరే అనుకుని సియాలిక్ ఆమ్లం అనే మరో చక్కెరగా మార్చి పైపొర మీది ప్రొటీన్లకు అతికిస్తుంది. మన కణాల్లో అజైడ్ మామూలుగా ఉండదు కాబట్టి, దాన్ని మాత్రమే పట్టుకునే రంగు పోస్తే ఆ చక్కెర ఉన్నచోటే మెరుస్తుంది.

ఆ పట్టుకోవడంలోనే ఉంది అసలు తెలివంతా. అజైడ్‌తో వేగంగా కలిసే క్లిక్ రసాయన చర్యకు రాగి కావాలి, రాగేమో కణాలకు విషం. అమెరికా రసాయన శాస్త్రవేత్త కరోలిన్ బెర్టోజీ బృందం 2004లో ఎనిమిది కార్బన్ల ఉంగరంలో, నిటారుగా ఉండాల్సిన త్రిబంధాన్ని (రెండు కార్బన్ల మధ్య ఉండే మూడు బంధాల్ని) వంచి ఇరికించింది. ఆ బిగువు వదిలించుకోవడానికి అది రాగి సాయం లేకుండానే అజైడ్‌ని అందుకుంటుంది. రంగును ఆ ఉంగరానికి తగిలిస్తే చాలు, అదీ చక్కెర దగ్గరికి చేరుతుంది. 2008లో బతికున్న జీబ్రాఫిష్ పిండాల్లో కూడా ఇలాగే చక్కెరల్ని చూశారు. 2022లో మోర్టెన్ మెల్డాల్, బ్యారీ షార్ప్‌లెస్‌లతో కలిపి ఆమెకు రసాయన నోబెల్ వచ్చింది.

మీ అమ్మాయికి ఒక మాట చెప్పండి. చక్కెర కణంలోకి సులువుగా దూరాలని దానికి ఎసిటైల్ తొడుగులు వేస్తారు. ఆ తొడుగులున్న చక్కెర మోతాదు ఎక్కువైతే ఎంజైముతో పని లేకుండా ప్రొటీన్లలోని సిస్టీన్ అనే అమైనో ఆమ్లాలకు అంటుకోగలదని 2018లో తేలింది. చక్కెర వేయని ప్లేట్ పక్కన పెట్టుకుంటే రంగు ఊరికే అంటుకోవడం బయటపడుతుంది గానీ, ఈ తప్పు బయటపడదు. సియాలిక్ ఆమ్లాన్ని కోసేసే సియాలిడేజ్ ఎంజైమ్ పోసి కూడా చూడమనండి. అయినా మెరుపు తగ్గలేదంటే ఆ ఫోటోను ప్రాజెక్టు రిపోర్టులో పెట్టొద్దనండి.