పూట యాత్రలో చూపించని ఉప్పలపాడు: కట్టిన డబ్బు తిరిగి అడగవచ్చా?

ప్రశ్న: మాది విజయవాడ. సంక్రాంతి సెలవులకు బెంగళూరు నుంచి మా అన్నయ్య, వదిన, వారి పిల్లలిద్దరు వచ్చినప్పుడు, అమ్మతోనూ నాతోనూ కలిపి ఆరుగురికి ఒక పూట యాత్ర బుక్ చేశాను. తలకు 1,800 రూపాయల చొప్పున 10,800 రూపాయలు నా ఫోన్ నుంచే యూపీఐలో చెల్లించాను. ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 12 వరకు, గుర్తింపు పొందిన గైడును వెంట ఉంచి, ప్రకాశం బ్యారేజీ, అక్కన్న మాదన్న గుహలు, ఉండవల్లి గుహలు, కరకట్ట పక్కన పొలాల్లో నడక, ఉప్పలపాడు పక్షుల కేంద్రం చూపిస్తామని నిర్వాహకులు వాట్సాప్‌లో పంపిన కరపత్రంలో ఉంది. బండి 7:10కి వచ్చింది. గైడు రాలేదు. ఉండవల్లిలో 20 నిమిషాలు ఆగి, మంగళగిరిలో ఒక చీరల దుకాణం దగ్గర 55 నిమిషాలు ఆపారు. పొలాల్లో నడక, ఉప్పలపాడు రెండూ టైము లేదని ఎగ్గొట్టి 12 గంటలకు ఇంటి దగ్గర దించేశారు. బండికి తెల్ల నంబరు ప్లేటు ఉంది. ఉండవల్లి మెట్ల మీద అమ్మ కాలు బెణికింది. గట్టిగా అడిగితే, యాత్రాక్రమం మార్చే హక్కు తమకుందని, డబ్బు వాపసు ఉండదని, వివాదమేదైనా హైదరాబాదు కోర్టుల్లోనే తేల్చుకోవాలని నిబంధనల కాగితం చూపి, మరో యాత్రకు వాడుకొమ్మని 1,000 రూపాయల కూపన్ పంపారు. ఇంత చిన్న మొత్తానికి కేసు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు. మొత్తం చిన్నదన్న సంకోచం అక్కరలేదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం డబ్బు తీసుకుని చేసే యాత్రా నిర్వహణ కూడా సేవే. ఒప్పుకున్న పనిని ఒప్పుకున్న తీరులో చేయకపోవడాన్ని ఆ చట్టంలోని సెక్షన్ 2(11) సేవాలోపం అంటుంది. వివాదంలో ఉన్న సేవకు చెల్లించిన ప్రతిఫలం 5 లక్షల రూపాయలకు మించకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు రుసుము లేదు. న్యాయవాదిని పెట్టుకోవడం తప్పనిసరి కూడా కాదు, ఫిర్యాదుదారు తన కేసును తానే చెప్పుకోవచ్చు. ఈ మాట చెప్పడం నా వృత్తికి నష్టమే అయినా, 10,800 రూపాయల వ్యవహారానికి వకీలు ఫీజు కట్టడం మీకు అంతకంటే పెద్ద నష్టం.

అయితే కమిషన్ ముందు నిలబడాల్సింది మీ అసంతృప్తి కాదు, వారి వాగ్దానం. ఈ తేడాను ఫిర్యాదు రాసేటప్పుడు మరిచిపోయేవారే ఎక్కువ. ఉప్పలపాడు చెరువులోని చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఆ ఉదయం తక్కువగా ఉన్నా, అసలు లేకపోయినా, అది నిర్వాహకుల లోపం కాదు, ఎందుకంటే పక్షుల రాకపోకలకు ఎవరూ పూచీ పడలేరు. కాని ఆ చెరువు దగ్గరకు తీసుకువెళతామని చెప్పి డబ్బు తీసుకుని, తీసుకువెళ్ళకపోవడం లోపమే. ఉండవల్లి గుహల పై అంతస్తులో పవళించిన అనంతశయనుని ఏకశిలా విగ్రహం మీ పిల్లలకు నచ్చకపోతే దానికి ఎవరూ బాధ్యులు కారు. ఆ విగ్రహం గురించి, నాలుగు అంతస్తుల ఆ కొండ తొలుపు గురించి చెప్పడానికి గైడు ఉంటాడని కరపత్రంలో రాసి, డ్రైవరును మాత్రమే పంపినందుకు మాత్రం వారు జవాబు చెప్పుకోవాలి. అందువల్ల కరపత్రంలోని ఒక్కొక్క మాటను ఒక పక్కన, జరిగినదాన్ని గంటా నిమిషాలతో మరో పక్కన పెట్టి రాయండి. మీరే చెప్పిన లెక్క ప్రకారం ఆరు గంటల యాత్రలో 70 నిమిషాలు ఆలస్యానికి, 55 నిమిషాలు చీరల దుకాణానికి పోయాయి. మూడో వంతుకు పైగా సమయం ఈ రెండింటికే ఖర్చయిన తరువాత టైము లేదని చెప్పడం, తాము చేసిన తప్పునే తమకు సాకుగా వాడుకోవడం అవుతుంది.

చూసి ఆనందించవలసిన సేవలో ఆనందానికే వెల కట్టవచ్చా అన్న సందేహం న్యాయస్థానాలకు కొత్తది కాదు. ఇంగ్లండులో 1970ల ఆరంభంలో తీర్పు వెలువడిన జార్విస్ కేసును మా వృత్తిలో ఇలాంటి సందర్భాల్లో తప్పక తలచుకుంటారు. జార్విస్ అనే న్యాయవాది శీతకాలపు సెలవులకు స్విట్జర్లాండు యాత్ర కోసం ఒక సంస్థకు సుమారు 63 పౌండ్లు చెల్లించాడు. కరపత్రంలో అతిథుల సందడి, సాయంత్రపు వినోదాలు, స్థానిక పాటగాడి కచేరీ అన్నీ ఉన్నాయి. తీరా రెండో వారానికి ఆ బసలో ఆయన ఒక్కడే మిగిలాడు, పాటగాడు పని బట్టల్లోనే వచ్చి నాలుగైదు పాటలు గబగబా పాడి వెళ్ళిపోయాడు. కింది కోర్టు చెల్లించిన దాంట్లో సగం ఇప్పించింది. అప్పీలు కోర్టు, సెలవు యాత్రకు డబ్బు కట్టేవాడు కొనుక్కునేది గదినీ ప్రయాణాన్నీ మాత్రమే కాదని, దక్కాల్సిన ఉల్లాసం దక్కకపోతే దానికీ పరిహారం ఉంటుందని చెప్పి, మొత్తాన్ని 125 పౌండ్లకు పెంచింది. అది పరాయి దేశపు తీర్పు కాబట్టి మన కమిషన్లు దానికి కట్టుబడనక్కరలేదు. కాని ఫిర్యాదులో ఒక్క వాక్యంగా ప్రస్తావిస్తే తప్పు లేదు. మన చట్టం మటుకు ఈ విషయంలో వెనకబడి లేదు. సేవాలోపం రుజువైతే ప్రతిఫలాన్ని తిరిగి ఇప్పించడానికి, నష్టానికీ మనోవేదనకూ పరిహారం ఇప్పించడానికి, ఖర్చులు రాబట్టడానికి సెక్షన్ 39 కమిషన్‌కు అధికారం ఇస్తోంది.

ఇక వారు చూపుతున్న నిబంధనల సంగతి. యాత్రాక్రమాన్ని మార్చే హక్కు ఉందన్న నిబంధన అన్ని వేళలా చెల్లనిది కాదు, సరైన కారణం ఉంటే ఎవరైనా దాన్ని ఒప్పుకోవాల్సిందే. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీకి రికార్డు స్థాయిలో 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. అలాంటి రోజున కరకట్ట పక్క పొలాల్లోకి తీసుకువెళ్ళనందుకు ఎవరినీ తప్పుపట్టం, పైగా తీసుకువెళితేనే తప్పుపడతాం. అలాంటి సందర్భంలోనూ చూపించని స్థలాలకు తీసుకున్న డబ్బు ఉంచుకోవచ్చా అన్నది వేరే ప్రశ్న, నెరవేర్చడం అసాధ్యమైన ఒప్పందాల గురించి, అలాంటి ఒప్పందం కింద తీసుకున్నది తిరిగి ఇవ్వడం గురించి చెప్పే కాంట్రాక్టు చట్టం, 1872లోని 56, 65 సెక్షన్లను బట్టి దాన్ని వాపసు అడగడానికి గట్టి ఆధారమే ఉంది. మీ విషయంలో వరద లేదు, బందు లేదు, రోడ్డు మూత లేదు. ఉన్నదల్లా ఒక దుకాణం. కార్యక్రమంలో లేని దుకాణం దగ్గర యాత్రికులను గంట సేపు నిలబెట్టడానికి, మార్చే హక్కు అన్న మాట రక్షణ కాలేదు.

ఇక్కడ ఒక సాంకేతిక జాగ్రత్త చెప్పాలి. సహేతుక కారణం లేకుండా ఒక పక్షం ఏకపక్షంగా ఒప్పందాన్ని రద్దు చేసుకునే వీలు వంటివాటిని 2019 చట్టం అనుచిత ఒప్పందాలుగా గుర్తించింది. అయితే ఒక నిబంధన అనుచితమని, అందువల్ల అది చెల్లదని ప్రకటించే అధికారం రాష్ట్ర కమిషన్‌కు, జాతీయ కమిషన్‌కు ఉంది గాని జిల్లా కమిషన్‌కు లేదు. కనుక మీ ఫిర్యాదులో ఆ నిబంధనను కొట్టివేయమని కోరకండి. కోరితే, కేసు ఇక్కడ నడవదన్న అభ్యంతరానికి మీరే తలుపు తీసినట్లవుతుంది. నిబంధనను అలాగే ఉండనిచ్చి, ఈ కేసులో జరిగినది ఆ నిబంధన పరిధిలోకి రాదని, ఇది సేవాలోపమని, గైడు ఉంటాడని రాసి పంపకపోవడం అనుచిత వ్యాపార విధానమని వాదించడం మేలు.

హైదరాబాదు కోర్టుల మాటకు భయపడవలసిన పని అసలే లేదు. ఫిర్యాదుదారు నివసించే చోట, లేదా ఉద్యోగం చేసే చోట ఉన్న జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేసే వీలును సెక్షన్ 34 నేరుగా కల్పించింది. పాత 1986 చట్టంలో ఈ సౌకర్యం లేక ఎందరో ప్రతివాది ఊరి చుట్టూ తిరిగారు. వినియోగదారుల చట్టం ఇచ్చే పరిష్కారం ఇతర చట్టాల పరిష్కారాలకు అదనమని సెక్షన్ 100 చెబుతోంది కాబట్టి, అచ్చు వేసిన కాగితం మీద ఒక పంక్తి రాసి దాన్ని లాగేసుకోవడం కుదరదు. ఉండవల్లి, ఉప్పలపాడు గుంటూరు జిల్లాలో ఉన్నందున, వ్యాజ్య కారణం, అంటే వివాదానికి మూలమైన సంఘటన, కొంత అక్కడా పుట్టిందని చెప్పి గుంటూరు కమిషన్‌నూ ఎంచుకోవచ్చు గాని, మీరుండేది విజయవాడ అయినప్పుడు కృష్ణ దాటి వెళ్ళడం దేనికి?

డబ్బు చెల్లించినది మీరొక్కరే అయినా, మీ అనుమతితో ఆ సేవను పొందినవారు కూడా చట్టం దృష్టిలో వినియోగదారులే. అందువల్ల మీ అన్నయ్య, వదిన కూడా ఫిర్యాదుదారులుగా చేరవచ్చు. చేరకపోయినా ఇబ్బంది లేదు. బెంగళూరు నుంచి ప్రతి వాయిదాకూ వారిని రప్పించడం కంటే, ఫిర్యాదు మీ పేరున వేసి, మీ అన్నయ్య చేత జరిగినదంతా వివరించే ప్రమాణపత్రం ఒకటి రాయించి జతచేయడం తెలివైన పని.

రుజువుల్లో మొదటిది ఆ కరపత్రం. దాన్ని మీ ఫోన్లోంచి తొలగించకండి, ఫోను మార్చే ఆలోచన ఉంటే కొన్నాళ్ళు వాయిదా వేసుకోండి. యూపీఐ రసీదు, బుకింగ్ సందేశాలు, బండి ఎక్కడుందని మీరు ఉదయం ఆరు తరువాత చేసిన కాల్స్ జాబితా, తేదీ సమయం పడిన ఫొటోలు, బండి నంబరు కనబడే ఫొటో ఒకటి ఉంటే అదీ కూడబెట్టండి. మీ వదినగారు ఆ దుకాణంలో చీర కొని ఉంటే బిల్లు పారేయలేదు కదా అని అడగండి. బిల్లు మీద సమయం ఉంటే అది మీ వైపు మంచి సాక్ష్యం, కాని మీరే కొనుక్కోవడానికి ఆపమన్నారని వారు ఎదురు వాదించే అవకాశమూ అదే బిల్లు నుంచి వస్తుంది కాబట్టి, దుకాణం కార్యక్రమంలో లేదని, మీరు కోరలేదని ఫిర్యాదులోనే స్పష్టంగా రాయాలి. కమిషన్లలో విచారణ ప్రధానంగా ప్రమాణపత్రాల మీదే సాగుతుంది. అయినా వాట్సాప్ ప్రతులకు భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని సెక్షన్ 63 కింద ఇవ్వవలసిన ధ్రువపత్రం జతచేస్తే, ఆ ప్రతులను సాక్ష్యంగా తీసుకోకూడదన్న అభ్యంతరానికి తావుండదు.

ఎంత అడగాలన్నది మీరు అడగలేదు గాని, కేసులు చెడేది అక్కడే. ఒక పూట పాడైనందుకు 5 లక్షలు కోరిన ఫిర్యాదును చదివే సభ్యులకు మిగతా నిజాల మీద కూడా నమ్మకం సన్నగిల్లుతుంది. మీరు బ్యారేజీ చూశారు, అక్కన్న మాదన్న గుహలు చూశారు, ఉండవల్లి కొంత చూశారు, బండిలో తిరిగారు. ఆ మాట దాచకుండా ఒప్పుకుని, ప్రధానంగా 10,800 రూపాయలూ, అది సమంజసం కాదని కమిషన్ భావిస్తే కనీసం అందులో సగమూ వాపసు ఇప్పించాలని, మనోవేదనకు 10,000, ఖర్చులకు 5,000 రూపాయలు ఇప్పించాలని కోరితే సరిపోతుందని నా అభిప్రాయం.

తెల్ల నంబరు ప్లేటు సంగతి చిన్నది కాదు. కిరాయికి తిరిగే వాహనానికి మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 66 కింద పర్మిట్ ఉండాలి, దానికి పసుపు ప్లేటు ఉంటుంది. సొంత వాడకానికి నమోదైన కారును అద్దెకు తిప్పితే సెక్షన్ 192ఎ కింద శిక్ష ఉంది. ప్రమాదమే జరిగి ఉంటే బీమా సంస్థ అభ్యంతరం చెప్పి ఉండేది. దీని మీద రవాణా శాఖకు విడిగా ఫిర్యాదు చేయవచ్చు, వినియోగదారుల ఫిర్యాదులోనూ ఒక పేరాగా పెట్టవచ్చు. అమ్మగారి కాలి విషయంలో మటుకు ఆచితూచి అడుగు వేయండి. ఆ రోజే వైద్యుడికి చూపించి చీటీ తీసుకుని ఉంటే, గైడు తోడు లేకుండా, తొందర పెట్టి మెట్లు దింపడం వల్ల జరిగిందని రాసి వైద్య ఖర్చు అడగవచ్చు. చీటీ లేకపోతే ఆ ప్రస్తావన వదిలేయడమే నయం, ఎందుకంటే నిరూపించలేని ఒక్క ఆరోపణ నిరూపించగలిగిన నాలుగింటిని బలహీనపరుస్తుంది.

ముందుగా 15 రోజుల గడువిస్తూ నిర్వాహకులకు నోటీసు పంపండి. స్పీడు పోస్టులో ఒకటి, ఈమెయిలులో ఒకటి. అదే సమయంలో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, కొన్ని వ్యవహారాలు అక్కడే తేలిపోతాయి. తేలకపోతే జిల్లా కమిషన్‌లో నేరుగా గాని, వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఆన్‌లైన్‌లో గాని ఫిర్యాదు వేయవచ్చు, కోరితే వీడియో ద్వారా విచారణకు హాజరయ్యే వీలూ చట్టంలో ఉంది. నోటీసు అందిన 30 రోజుల్లో, కమిషన్ అనుమతిస్తే మరో 15 రోజుల్లో, ప్రతివాది జవాబు దాఖలు చేయాలి. వస్తువు పరీక్ష అవసరం లేని ఇలాంటి ఫిర్యాదును, ప్రతివాదికి నోటీసు అందిన మూడు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతోంది. ఆచరణలో అంతకంటే ఎక్కువే పడుతుందని ముందే మనసులో పెట్టుకోండి. ఉత్తర్వు మీకు అనుకూలంగా వచ్చాక వారు రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేయదలిస్తే 45 రోజుల్లో చేయాలి, చెల్లించవలసిన మొత్తంలో సగం ముందే జమ చేయాలి. ఉత్తర్వును పాటించనివారికి నెల తక్కువ కాకుండా మూడేళ్ళ దాకా జైలుశిక్ష, 25,000 రూపాయలకు తగ్గకుండా జరిమానా, లేదా రెండూ విధించే అధికారాన్ని వినియోగదారుల చట్టంలోని సెక్షన్ 72 ఇచ్చింది. ఈ సెక్షన్ కింద అర్జీ పెట్టగానే డబ్బు కట్టినవారిని నేను చూశాను.

ఫిర్యాదుకు గడువు యాత్ర జరిగిన నాటి నుంచి రెండేళ్ళు. మధ్యలో నోటీసులు, ఫోన్లు, రాజీ మాటలు ఎన్ని సాగినా ఆ రెండేళ్ళు వాటి కోసం ఆగవు. ఇక ఆ 1,000 రూపాయల కూపన్‌ను వాడకండి, దానితో పాటు వచ్చిన సందేశానికి సరేనని బదులివ్వకండి. పూర్తి పరిష్కారంగా దాన్ని స్వీకరించారని రేపు వారు చెప్పడానికి ఆ ఒక్క మాట చాలు. కట్టిన డబ్బుపై నా హక్కును వదులుకోవడం లేదు, ఈ కూపన్ నాకు అక్కరలేదు అని రెండు పంక్తుల్లో ఇవాళే రాసి పంపి, ఆ సందేశాన్ని కూడా రుజువుల్లో చేర్చండి.