విదేశీ సహాయం ప్రజలకు చేరుతుందా? ఇథియోపియాలో నేను చూసింది

విదేశీ సహాయం పేద దేశాల ప్రజలకు నిజంగా అందుతుందా, పాలకుల దగ్గరే ఆగిపోతుందా అన్నది మీ ప్రశ్న. నేను తూర్పు ఇథియోపియాలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో కొన్నేళ్లు వ్యవసాయ ఆర్థికశాస్త్రం బోధించాను. ఆ రోజుల్లో తెలుగు ప్రాంతాల నుంచి చాలామంది అధ్యాపకులు అక్కడికి వెళ్లేవారు. విద్యార్థుల క్షేత్ర అధ్యయనాల కోసం హరర్గే కొండల్లోని పల్లెలకు తరచుగా వెళ్లేవాడిని కాబట్టి, ఆ ఒక్క దేశం గురించి కొంత నమ్మకంగా చెప్పగలను. సహాయం అందుతుంది. అయితే ఎంత డబ్బు వచ్చిందన్నదాని కంటే, అది ఎవరి చేతుల మీదుగా, ఎంత క్రమం తప్పకుండా వచ్చిందన్నదే ఫలితాన్ని నిర్ణయించడం నేను చూశాను.

ఆరోగ్యరంగంలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. ఇథియోపియా ప్రభుత్వం 2003లో ఆరోగ్య విస్తరణ కార్యక్రమాన్ని మొదలుపెట్టి, మన గ్రామ పంచాయతీ వంటి ప్రతి కెబెలెకూ ఇద్దరు మహిళా కార్యకర్తలను నియమించింది. పదో తరగతి పూర్తిచేసిన స్థానిక యువతులను ఎంపికచేసి, ఏడాదిపాటు శిక్షణ ఇచ్చి, ఉద్యోగులుగా తీసుకున్నారు. మన ఆశా కార్యకర్తలకు చేసిన పనిని బట్టి పారితోషికం అందుతుంది. వీరికి ప్రభుత్వమే నెలజీతం ఇస్తుంది. టీకాలకు గావి అనే అంతర్జాతీయ కూటమి, దోమతెరలకూ క్షయ, హెచ్ఐవి మందులకూ గ్లోబల్ ఫండ్ అనే అంతర్జాతీయ నిధి, హెచ్ఐవి చికిత్సకు అమెరికా నిధులు తోడయ్యాయి. అంటే సరుకు బయటినుంచి వచ్చింది, దాన్ని ఇంటింటికీ చేర్చే మనిషి ఆ ఊరి మనిషే. ఆ దేశపు జనాభా, ఆరోగ్య సర్వేల ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల మరణాలు 2000లో వెయ్యికి 166 ఉండగా, 2016 నాటికి 67కు తగ్గాయి. ఇందులో రహదారులకూ ఆడపిల్లల చదువుకూ కూడా భాగముంది కాబట్టి ఘనతంతా సహాయానిదే అనలేను. కానీ టీకాల పెట్టె మోసుకుని కొండదారిలో నడిచి వెళ్లే ఆ అమ్మాయిలను చూసిన తర్వాత, సహాయం పాత్ర చిన్నదని మాత్రం ఎవరూ నన్ను ఒప్పించలేరు.

వ్యవసాయం విషయంలో నేను దగ్గరగా చూసింది 2005లో మొదలైన ఉత్పాదక భద్రతా పథకం. అంతకు ముందు కరవు వచ్చిన ప్రతిసారీ ప్రభుత్వం విజ్ఞప్తి చేయడం, దాతలు స్పందించడం, ఓడలు బయలుదేరడం జరిగేసరికి రైతు పశువులు అమ్ముకుని ఉండేవాడు. 2002–03 కరవులో కోటీ ముప్పై లక్షల మందికి పైగా ఆహార సహాయం అవసరమైంది. ప్రపంచ బ్యాంకు, అమెరికా, బ్రిటన్, యూరోపియన్ యూనియన్ తదితర దాతలు కలిసి నడిపించిన కొత్త పద్ధతిలో, ఏటా ఆహారం చాలని కుటుంబాలను ముందుగానే గుర్తించి, ఏడాదిలో ఆరు నెలలు నగదు గానీ ధాన్యం గానీ ఇస్తారు. బదులుగా పనిచేయగలవారు రాతికట్టలు, నీటికుంటలు, మట్టిరోడ్లు నిర్మిస్తారు. వృద్ధులకూ వికలాంగులకూ పని లేకుండానే ఇస్తారు. మన ఉపాధి హామీని ఎరిగినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. తేడా ఏమిటంటే మనది చట్టం ఇచ్చిన హక్కు, మన ఖజానా సొమ్ము. అక్కడిది చాలావరకు దాతల సొమ్ము. పశువులను మేపకుండా కాపాడిన కొండవాలుపై గడ్డి ఏపుగా పెరగడం, దాన్ని కోసుకుని రైతులు పశువులకు మోసుకెళ్లడం నేను చూశాను. నగదు సమయానికి వచ్చిన ఏడాది మేకను అమ్మవలసిన అవసరం రాలేదని ఒక మహిళా రైతు చెప్పింది. చెల్లింపు రెండు మూడు నెలలు ఆలస్యమైతే మాత్రం పాత కథే. అప్పు చేసి తినడం, తర్వాత వచ్చిన నగదుతో ఆ అప్పు తీర్చడం.

పాలనలో సహాయం బలహీనంగా పనిచేసింది. 2005 ఎన్నికల తర్వాతి హింస కారణంగా దాతలు ఇథియోపియా బడ్జెట్‌కు నేరుగా నిధులివ్వడం ఆపి, 2006 నుంచి మౌలిక సేవల రక్షణ పథకం కింద మండలాల వంటి వొరెడాలకు చేరేలా ఇచ్చారు. ఉపాధ్యాయుల, ఆరోగ్య సిబ్బంది, వ్యవసాయ సిబ్బంది జీతాలకు అవి తోడ్పడ్డాయి. బడ్జెట్ వివరాలను కార్యాలయం గోడపై ప్రదర్శించాలన్న నియమం కూడా వచ్చింది. అది మంచిదే, కానీ ముందు చెప్పిన భద్రతా పథకంలో ఎవరి పేరు చేర్చాలో నిర్ణయించే కెబెలె అధికారులు పాలక పార్టీ మనుషులే అయినప్పుడు, గోడ మీది అంకెలు చూసి నిలదీసే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? సహాయాన్ని రాజకీయ విధేయతకు వాడుకుంటున్నారని హ్యూమన్ రైట్స్ వాచ్ అనే మానవ హక్కుల సంస్థ 2010లో ఆరోపించింది. ఆపితే పస్తులుండేది పేదలే, ఆపకపోతే అధికారం మరింత బిగుసుకుంటుంది. 2023లో ధాన్యం పక్కదారి పట్టిందని తేలి అమెరికా, ప్రపంచ ఆహార కార్యక్రమం దేశమంతటా ఆహార సహాయాన్ని నెలలపాటు నిలిపివేసినప్పుడు, దొంగిలించినవారి కంటే ఎదురుచూస్తున్నవారే ఎక్కువ బాధపడ్డారు.

2025 ఆరంభంలో అమెరికా విదేశీ సహాయాన్ని స్తంభింపజేయడంతో, ఆ నిధులతో పనిచేస్తున్న దాదాపు 5,000 మంది ఆరోగ్య సిబ్బంది ఒప్పందాలను ఇథియోపియా రద్దు చేసుకుంది. కెబెలెల్లోని విస్తరణ కార్యకర్తలు ప్రభుత్వోద్యోగులు కావడంతో వారి కొలువులు ఆ ఒప్పందాలతో ముడిపడిలేవు. అయితే వారు పంచే టీకాలకూ మందులకూ మాత్రం ఆ దేశం ఇప్పటికీ చాలావరకు బయటి నిధుల మీదే ఆధారపడి ఉంది.